నీడ కురచయ్యే వేళ: ఈ వారం ఉత్తరాలకు జవాబులు

ఈ వారం వచ్చిన ఉత్తరాలను వరండాలో చాప పరిచి ముందేసుకున్నాను. జిల్లా పరిషత్ హైస్కూళ్లలో 31 ఏళ్లు జీవశాస్త్రం చెప్పినదాన్ని. ఇప్పుడు నాకు 67. డాక్టరును కాను కాబట్టి మందుల సంగతి మీ డాక్టరుగారికే వదిలేస్తాను. ఒళ్లు ఎలా పనిచేస్తుందో, దానికి ఏం కావాలో మాత్రం నాకు తెలిసినంత చెబుతాను. ఈసారి ఉత్తరాలన్నీ చివరికి ఒక్క విషయం దగ్గరికే చేరాయి. కదలికను రోజులోంచి తీసేసి, "వ్యాయామం" అని ఒక మూలన వేరుగా పెట్టుకున్నాం. దాన్ని మళ్లీ రోజులోకి ఎలా తెచ్చుకోవాలన్నదే నా ఆలోచనంతా.

మావారు ఆర్టీసీలో డ్రైవరు. డ్యూటీ దిగి వచ్చేసరికి ఒళ్లు పులిసిపోయి ఉంటుంది. కాసేపు నడవమంటే "పొద్దున్నుంచి బస్సు నడిపింది చాలదా?" అంటారు. ఆయన మాటలో న్యాయం ఉందా టీచర్ గారూ?
– ఒక పాఠకురాలు, తణుకు

అమ్మా, ఆయన అలసట నిజం. ఎండ, రద్దీ, హారన్ల మోత, అడుగడుగునా అడ్డొచ్చే మోటారు సైకిళ్లు. ఎనిమిది గంటలు కళ్లు రోడ్డు మీద నిలిపి కూర్చుంటే భుజాలు, నడుము పట్టేయక ఏం చేస్తాయి? కానీ అలసట వేరు, కదలిక వేరు. విచిత్రమేమిటంటే, ఈ తేడాను ప్రపంచానికి మొదట తెలియజెప్పింది బస్సు డ్రైవర్లే.

రెండో ప్రపంచ యుద్ధం ముగిశాక బ్రిటన్‌లో గుండెపోటు మరణాలు పెరుగుతూ పోయాయి. కారణం ఎవరికీ అంతుపట్టలేదు. అప్పుడు జెర్రీ మోరిస్ అనే వైద్యుడికి లండన్ డబుల్ డెక్కర్ బస్సులు కనిపించాయి. ఒకే బస్సు, ఒకే సంస్థ, ఒకే రకం కుటుంబాల నుంచి వచ్చిన ఇద్దరు మనుషులు. డ్రైవరు డ్యూటీలో ఇంచుమించు అంతసేపూ కూర్చునే ఉంటాడు. కండక్టరు టిక్కెట్ల కోసం రోజుకు 500 నుంచి 750 మెట్లు ఎక్కి దిగుతాడు. సుమారు 31,000 మంది రవాణా ఉద్యోగుల వివరాలు చూసి, 1953లో ఫలితాలు ప్రకటించారు. గుండె జబ్బు కండక్టర్లలో తక్కువ. వచ్చినా పెద్ద వయసులో వచ్చింది, ప్రాణం తీయడమూ తక్కువే.

వెంటనే ఒక అనుమానం వచ్చింది. లావుగా ఉన్నవాళ్లే డ్రైవరు పనికి వెళ్తున్నారేమో, తప్పు కూర్చోవడానిది కాదేమో? మోరిస్ ఏం చేశారో చూడండి. ఆ సంస్థ కుట్టించిన యూనిఫారం ప్యాంట్ల నడుము కొలతలు తెప్పించారు! డ్రైవర్ల నడుము కొలతలు పెద్దవే. అయితే ఒకే కొలత ఉన్న ఇద్దరిని పక్కపక్కన పెట్టి చూసినా, కండక్టరు గుండెకే ముప్పు తక్కువగా ఉంది. తరువాత తపాలా శాఖలోనూ చూశారు. ఉత్తరాలు మోసే పోస్టుమాన్‌కూ, బల్ల ముందు కూర్చునే గుమాస్తాకూ మధ్య అదే తేడా. మోరిస్ 2009లో, 99 ఏళ్ల వయసులో కన్నుమూశారు. చాలా పెద్ద వయసు దాకా వ్యాయామం మానలేదు.

అందుకని మీవారిని డ్యూటీ దిగాక ఇంకో డ్యూటీకి పంపినట్టు పంపకండి. ఆయన రోజులోనే చోటు వెతకండి. బస్టాండులో టైము కోసం ఆగినప్పుడు సీటులోనే ఉండిపోకుండా దిగి, బస్సు చుట్టూ మూడు నాలుగు సార్లు తిరగమనండి. ఆ తరువాత బస్సును పట్టుకుని నిలబడి మడమలు పైకెత్తి దించాలి, ఇరవై సార్లు. కాళ్లలోకి దిగిన రక్తాన్ని పిక్కల కండరాలే పైకి పంపుతాయి. గంటల తరబడి కూర్చున్న కాళ్లు సాయంత్రానికి వాచేది ఆ పని ఆగిపోవడం వల్లే. రాత్రి భోజనమయ్యాక మీరిద్దరూ కలిసి పదిహేను నిమిషాలు వీధి చివరి దాకా వెళ్లి రండి. నడిచే కాళ్లు తిన్నదానిలోని చక్కెరను అప్పటికప్పుడు వాడుకుంటాయి, రక్తంలో అది ఒక్కసారిగా ఎగబాకదు. "మీరు నడవండి" అనడం కన్నా "నాకు తోడు రండి" అని చూడండి.

నాకు 58. రెండు మోకాళ్లూ నొప్పి. అరుగుదల మొదలైంది, నేలమీద కూర్చోవద్దు అన్నారు డాక్టరుగారు. అప్పటి నుంచి కుర్చీ వదల్లేదు. వంట కూడా కూర్చునే చేస్తున్నాను. ఏడాదయింది, నొప్పి తగ్గకపోగా ఇప్పుడు కుర్చీలోంచి లేవడమే కష్టంగా ఉంది. – ఒక పాఠకురాలు, ఖమ్మం

మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. ఎందుకంటే పదేళ్ల కిందట ఇదే దారిలో నేనూ వెళ్లాను.

డాక్టరుగారు నేలమీద కూర్చోవద్దన్నారు, కదలవద్దనలేదు. మనం మొదటి మాట విని రెండోది కలుపుకున్నాం. మోకాలి ఎముకల చివర నున్నటి మెత్తటి పొర ఉంటుంది, మృదులాస్థి. దానికి రక్తనాళాలు లేవు. మరి తిండి ఎక్కడిది? కీలులో ఉండే జిగురు ద్రవమే దాని ఆహారం. తడి స్పాంజిని నొక్కి వదిలితే నీరు పోయి మళ్లీ ఎలా పీల్చుకుంటుందో, అడుగు వేసినప్పుడల్లా ఆ పొర అలా నొక్కుకుని, వదులై, ద్రవాన్ని పీల్చుకుంటుంది. కదలకపోతే దానికి తిండి అందదు. పైగా మోకాలిని కాపాడేది తొడ ముందున్న పెద్ద కండరం. ఏడాది కుర్చీలో ఉంటే ఆ కండరం చిక్కిపోతుంది, దాని భారమంతా కీలు మీద పడుతుంది. మీరు కుర్చీలోంచి లేవలేకపోవడంలో అరుగుదల కన్నా ఈ కండరం పాలే ఎక్కువని నాకనిపిస్తుంది.

నేను చేసింది చెబుతాను. మొదటి నెల కుర్చీలో కూర్చునే ఒక్కో కాలు నేరుగా చాపి, మనసులో అయిదు లెక్కపెట్టి, నెమ్మదిగా దించేదాన్ని. పూటకు పదిసార్లు. "నెమ్మదిగా" అన్న మాట మరిచిపోవద్దు, దించేటప్పుడే కండరానికి అసలు పని. రెండో నెల నుంచి చేతుల సాయం లేకుండా కుర్చీలోంచి లేచి మళ్లీ కూర్చోవడం. మొదటిరోజు రెండుసార్లకే ఆగిపోయాను. కుర్చీ మీద మందంగా మడిచిన బొంత వేసుకుంటే ఎత్తు పెరిగి సులువైంది.

ఆ తరువాత పీటలు. మా ఇంట్లో అమ్మ నాటి చెక్క పీటలు మూడున్నాయి. మూడూ ఒకదాని మీద ఒకటి పేర్చి, పైన దుప్పటి మడిచి వేసి, గోడ పక్కన పెట్టుకున్నాను. చేత్తో గోడను పట్టుకుని దిగి కూర్చోవడం, అలాగే లేవడం. నెలరోజులయ్యాక దుప్పటి తీసేశాను. ఇంకో నెలకు ఒక పీట. ఇలా తొమ్మిది నెలలు పట్టింది. సంక్రాంతికి వాకిట్లో ముగ్గు వేసి, గొంతు కూర్చున్నదాన్ని చేయి ఊనకుండా లేచిన రోజు నాకింకా గుర్తుంది. ఉదయం ఏడు గంటలైంది, చేతినిండా ముగ్గుపిండి.

మీకు నాలాగే అవుతుందని మాట ఇవ్వలేను. అరుగుదల ఎంత ఉందో బట్టి కొందరు పీటల దాకా రాకపోవచ్చు, కుర్చీ దగ్గరే ఆగవచ్చు. అదీ లాభమే. ఒక గుర్తు పెట్టుకోండి. చేస్తున్నప్పుడు కాస్త నొప్పి ఉంటే పరవాలేదు. మరునాటికీ అది మిగిలి ఉంటే నిన్న ఎక్కువ చేశారన్నమాట, సగానికి తగ్గించండి. మోకాలు వాచినా, వేడెక్కి ఎర్రబడినా, మడిచినచోటే బిగుసుకుపోయినా ఆపేసి డాక్టరుకు చూపించండి. బరువు ఎక్కువుంటే దాని సంగతీ చూడండి. ఒక కిలో తగ్గితే వేసే ప్రతి అడుగులోనూ మోకాలి మీద నాలుగు కిలోల భారం తగ్గుతుందని 2005లో అమెరికాలో కొలిచి చూశారు.

మెటికలు విరిస్తే కీళ్లు అరిగిపోతాయని మా నాయనమ్మ తిడుతుంది. నిజమేనా? – ఇంటర్ విద్యార్థి, బొబ్బిలి

దిష్టి తీసి తన మెటికలు తాను విరుచుకునేది కూడా ఆ నాయనమ్మలే కదా బాబూ! ఆ టప్పుమనే శబ్దం ఎముకలది కాదు. కీలును లాగినప్పుడు లోపలి ద్రవంలో ఒత్తిడి తగ్గి, అందులో కరిగి ఉన్న వాయువు బుడగలా ఏర్పడుతుంది. అమెరికాలో డొనాల్డ్ అంగర్ అనే వైద్యుడు అరవయ్యేళ్ల పాటు ఎడమచేతి మెటికలే విరిచి, కుడిచేతివి వదిలేసి చూసుకున్నారు. రెండు చేతుల్లోనూ కీళ్లవాతం రాలేదు. ఒక్క మనిషి అనుభవంతో అంతా తేలిపోదు గాని, భయపడాల్సిన పని లేదు. నొప్పితో, వాపుతో శబ్దం వస్తే అది వేరే సంగతి. నాయనమ్మ ఎదురుగా మాత్రం మానేయి, ఆమె మనసు కుదుటపడుతుంది.

బ్యాంకులో పనిచేసి రిటైరయ్యాను. డి విటమిన్ తక్కువగా ఉందని తేలింది. ఆరు నెలలుగా రోజూ ఉదయం ఆరున్నరకు బాల్కనీలో, అద్దాల తలుపు వెనుక లేత ఎండలో అరగంట కూర్చుంటున్నాను. మళ్లీ పరీక్ష చేయిస్తే ఏమీ పెరగలేదు. లోపం ఎక్కడుంది? – ఒక పాఠకుడు, హైదరాబాద్

మీ శ్రద్ధలో లోపం లేదండి, రెండుచోట్ల దారి తప్పింది. ఒకటి అద్దం, రెండోది వేళ.

మన చర్మం డి విటమిన్ తయారు చేసుకోవడానికి ఎండలోని అతినీలలోహిత కిరణాలలో ఒక రకం కావాలి. దాన్ని బి రకం అంటారు. మామూలు కిటికీ అద్దం ఆ కిరణాలను దాదాపు పూర్తిగా ఆపేస్తుంది. వెలుగు వస్తుంది, వెచ్చదనం వస్తుంది, అసలుది రాదు.

ఇక లేత ఎండ. దీని గురించి చెప్పినప్పుడల్లా పెద్దవాళ్లు నొచ్చుకుంటారు, అయినా చెప్పాలి. సూర్యుడు కిందుగా ఉన్నప్పుడు కిరణాలు ఏటవాలుగా, చాలా మందమైన గాలి పొరలోంచి రావాలి. ఆ దారిలో ఓజోను ఈ బి రకం కిరణాలను మింగేస్తుంది. ఉదయం ఆరున్నర ఎండలో నడిస్తే మనసు తేలికపడుతుంది, రాత్రి నిద్ర వేళకు పడుతుంది, ఆ అలవాటు మానవద్దు. డి విటమిన్ మాత్రం ఆ ఎండలో తయారు కాదు. తిరుపతిలో జరిగిన పరిశోధనలో ఉదయం 11 నుంచి మధ్యాహ్నం 2 వరకు ఉండే ఎండలో అది అన్నిటికన్నా బాగా తయారవుతుందని తేలింది.

గడియారం అక్కర్లేకుండా తెలుసుకునే ఉపాయం ఒకటుంది. మీ నీడను చూడండి. నీడ మీకన్నా పొడవుగా ఉంటే ఆ ఎండలో ఈ పని జరిగేది తక్కువ. మీకన్నా కురచయితే సరైన వేళ. బడిలో ఏటా ఏడో తరగతి పిల్లలతో ఈ లెక్క కట్టించేదాన్ని. మైదానంలో మీటరు పొడవు వెదురు కర్ర నిటారుగా పాతి, అరగంటకొకసారి నీడ చివర గులకరాయి పెట్టించేదాన్ని. మార్చి నెలలో తొమ్మిదిన్నరకల్లా నీడ మీటరు లోపలికి వచ్చేది. డిసెంబరులో పదకొండు దగ్గరపడితే గాని వచ్చేది కాదు, ఒంటిగంటన్నరకు మళ్లీ మీటరు దాటిపోయేది. ఆ రాళ్ల వరుస చూసి ఒక పిల్ల "టీచర్, సూర్యుడు సెలవుల్లో ఆలస్యంగా బడికి వస్తున్నాడు" అంది.

మీరు చేయాల్సింది ఇది. అద్దం తలుపు తీసి, చేతులకూ కాళ్లకూ నేరుగా ఎండ తగిలేలా, నీడ కురచయిన వేళ వారానికి మూడు నాలుగు రోజులు కూర్చోండి. మన చర్మంలో రంగు ఎక్కువ కాబట్టి తెల్లవాళ్లకు చెప్పే అయిదు నిమిషాలు చాలవు, అరగంట దాకా పట్టవచ్చు. మే నెలలో తొమ్మిదికే నీడ కురచవుతుంది, అప్పుడే ముగించుకుని నీడపట్టుకు వచ్చేయండి. మధ్యాహ్నం వడగాలిలో ఈ ప్రయోగం పనికిరాదు. చర్మం చురుక్కుమంటే చాలించాలి.

అప్పటికే బాగా తక్కువ ఉన్నవాళ్లకు ఎండ ఒక్కటే సరిపోదు, డాక్టరు చెప్పిన మందు వేసుకోవాలి. కానీ వారానికొకటి వేసుకునే 60,000 యూనిట్ల పొడి ప్యాకెట్లు చెప్పిన వారాలు అయిపోయాక కూడా సొంతంగా కొనుక్కుని వాడేవాళ్లను చూస్తున్నాను. అది చేయకండి. ఈ విటమిన్ కొవ్వులో నిలవ ఉంటుంది. హద్దు మీరితే రక్తంలో కాల్షియం పెరిగి మూత్రపిండాలకు చేటు.

మా అమ్మాయి అమెరికా నుంచి అడుగులు లెక్కపెట్టే గడియారం తెచ్చి నా చేతికి కట్టింది. రోజుకు పదివేలు కాకపోతే ఫోను చేసి కోప్పడుతుంది. నాకు 71. ఆరువేలకే కాళ్లు పీకుతాయి. – ఒక పాఠకురాలు, గుంటూరు

అమ్మాయికి ఈ జవాబు చదివి వినిపించండి. పదివేల లెక్క వైద్యుల నుంచి రాలేదు. టోక్యో ఒలింపిక్స్ జరిగిన మరుసటి ఏడాది, 1965లో, జపానులో ఒక కంపెనీ అడుగులు కొలిచే పరికరం అమ్మకానికి పెట్టి "మాన్పో-కెయ్" అని పేరు పెట్టింది. పదివేల అడుగుల మీటరు అని అర్థం. గుండ్రంగా, గుర్తుండే అంకె. అక్కడి నుంచి ప్రపంచమంతా పాకింది.

మీ వయసువాళ్లను నిజంగా పరిశీలించింది 2019లో. అమెరికాలో సగటున 72 ఏళ్లున్న 16,741 మంది స్త్రీల అడుగులు లెక్కపెట్టి, వాళ్ల ఆరోగ్యం గమనిస్తూ వచ్చారు. రోజుకు 2,700 అడుగులు వేసినవాళ్లతో పోలిస్తే 4,400 వేసినవాళ్లలో ఆ ఏళ్లలో మరణాలు 41 శాతం తక్కువ. 7,500 దాకా లాభం పెరుగుతూ వచ్చింది, ఆ తరువాత పెద్దగా పెరగలేదు. మీ ఆరువేలు చాలా మంచి లెక్క. ఒక్కసారే కాకుండా మూడు పూటలుగా విడదీస్తే కాళ్లు పీకవు. నడుస్తుంటే పిక్కలు పట్టేసి, ఆగితే తగ్గుతుంటే మాత్రం డాక్టరుకు చెప్పండి, అది రక్తనాళాల సంగతి కావచ్చు.

టీచర్ గారూ, నేను ఎనిమిదో తరగతి. మాకు వారానికి రెండు గేమ్స్ పీరియడ్లు టైం టేబుల్‌లో ఉన్నాయి. జూన్ నుంచి ఒక్కటి కూడా ఆడలేదు. లెక్కలు, సైన్సు చెబుతున్నారు. అడిగితే "ఆడితే మార్కులు వస్తాయా?" అంటున్నారు. ఏం చెప్పాలి? – ఒక విద్యార్థిని, కరీంనగర్ జిల్లా

తల్లీ, ముందు నీతో ఒక నిజం చెప్పాలి. ఆ తప్పు నేనూ చేశాను. సిలబస్ మిగిలిపోయిందని జనవరి, ఫిబ్రవరి నెలల్లో డ్రిల్లు మాస్టారి పీరియడ్లు అడిగి తీసుకునేదాన్ని. పిల్లలు కిటికీలోంచి మైదానం వైపు చూస్తూ ఉంటే డస్టరుతో బల్ల మీద కొట్టేదాన్ని. ఆ పిల్లల్లో కొందరు ఇప్పటికీ కనిపిస్తే నమస్కారం పెడతారు, నాకు ఆ మైదానమే గుర్తొస్తుంది.

"మార్కులు వస్తాయా?" అన్న ప్రశ్నకు జవాబుంది. అమెరికాలో ఇల్లినాయి విశ్వవిద్యాలయంలో 2009లో తొమ్మిది పదేళ్ల పిల్లలు 20 మందిని తీసుకున్నారు. ఒకరోజు ఊరికే కూర్చోబెట్టి, ఇంకోరోజు 20 నిమిషాలు నడిపించి పరీక్ష పెట్టారు. నడిచిన రోజున దృష్టి నిలపడంలో పొరపాట్లు తగ్గాయి, చదివి అర్థం చేసుకోవడంలో మార్కులు పెరిగాయి. చిన్న పరిశోధనే, కానీ నడక చదువును తినేయదని తెలిసింది.

కళ్ల సంగతి ఇంకా పెద్దది. మీ తరగతిలో కళ్లద్దాలు ఎంతమందికి ఉన్నాయో ఒకసారి లెక్కపెట్టు. చైనాలోని గ్వాంగ్‌జౌ నగరంలో 12 ప్రాథమిక బడులు ఎంచుకుని, సగం బడుల్లో ఒకటో తరగతి పిల్లలకు రోజూ 40 నిమిషాలు ఆరుబయట తరగతి అదనంగా పెట్టారు. మూడేళ్ల తరువాత చూస్తే, మామూలు బడుల పిల్లల్లో 39.5 శాతం మందికి దూరం చూపు తగ్గింది. బయటికి వెళ్లిన పిల్లల్లో అది 30.4 శాతమే. 2015లో ఈ ఫలితాలు వచ్చాయి. వెలుగును లక్స్ అనే కొలతతో కొలుస్తారు. తరగతి గదిలో వెలుగు కొన్ని వందల లక్స్ ఉంటుంది, బయట చెట్టునీడలో కూడా కొన్ని వేలు ఉంటుంది. ఆ వెలుగుకు కంటి లోపల వెనుక ఉండే పొర, రెటీనా, డోపమిన్ అనే పదార్థాన్ని విడుదల చేసి, కనుగుడ్డు మరీ పొడవుగా సాగిపోకుండా ఆపుతుందని శాస్త్రవేత్తలు అనుకుంటున్నారు. ఆడకపోయినా సరే, వేపచెట్టు కింద నిలబడ్డా కంటికి మేలే.

ఇక చట్టం. విద్యాహక్కు చట్టం, 2009 నీలాగా ఎనిమిదో తరగతి దాకా చదివే పిల్లలందరికీ వర్తిస్తుంది. ప్రతి బడికీ ఆటస్థలం ఉండాలని, ఆట సామగ్రి ఇవ్వాలని దాని షెడ్యూలులో రాసి ఉంది. ఆరు నుంచి ఎనిమిది తరగతుల్లో వందమందికి పైగా పిల్లలుంటే వ్యాయామ విద్యకు బోధకులు ఉండాలని కూడా ఉంది. అది నీ హక్కు, దయ కాదు.

ఎలా అడగాలో చెబుతాను. ఒక్కదానివే వెళ్లకు, నలుగురైదుగురు కలిసి వెళ్లండి. లెక్కల మాస్టారిని తప్పు పట్టినట్టు మాట్లాడకండి, ఆయన మీద కూడా పదో తరగతి ఫలితాల ఒత్తిడి ఉంటుంది. హెడ్మాస్టరు గారి దగ్గరికి వెళ్లి, "రెండింటిలో ఒక పీరియడ్ ఇవ్వండి, నెలరోజులు చూడండి, మా లెక్కల స్లిప్ టెస్టు మార్కులు తగ్గితే వెనక్కి తీసుకోండి" అని అడగండి. నేను హెడ్మాస్టరునయితే కాదనలేను. ఈ పేజీని కత్తిరించి తీసుకెళ్లు. మీ అమ్మానాన్నలను కూడా ఒకసారి బడికి వచ్చి అడగమను.

ఒప్పుకుంటే ఆ మొదటి పీరియడ్‌లో మీరు ఏ ఆట ఆడారో, ఎవరు గెలిచారో నాకు ఉత్తరం రాయి. ఒప్పుకోకపోయినా రాయి, హెడ్మాస్టరు గారికి నేనే ఉత్తరం రాస్తాను.